ఆయనగారి రాగి తీగ
కంప్యూటర్ల రిపేరు షాపుకి యజమాని ఆయన. పని చేసేది పెళ్ళాం. హవ్వ, ఈ మాట పైకి అనకూడదు, ఆయనగారి పరువు పోతుంది!

ఆయనకి పని రాదని కాదు, పని కంటే పటాటోపం ఎక్కువ. ఒంట్లో పుట్టే స్టాటిక్ కరెంటు కంప్యూటరు చిప్పుల్ని కాల్చేస్తుందని ఎవరో చెప్పిన నాటి నుంచి మణికట్టుకి పట్టీ కట్టడం మొదలుపెట్టాడు. పట్టీకి ఉన్న వైరు గోడలోని ఎర్తుకి పోతుంది, స్టాటిక్ అంతా అందులోకి దిగిపోతుంది. మంచిదే. కానీ ఈ మహానుభావుడు దాన్ని గండపెండేరంలా చూసుకునేవాడు. అన్నం తినేటప్పుడు కూడా విప్పేవాడు కాదు.

పోయిన వారం ఆ వైరు తెగింది. కొత్తది కొనమంది భార్య.

"ఓస్, ఈ మాత్రానికి కొనాలా?" అంటూ పాత ఇస్త్రీపెట్టె వైరు చీల్చి, లోపలి రాగి తీగని పట్టీకి చుట్టి, రెండో కొస ఎర్తుకి బిగించాడు.

"ఏమండీ, కొన్న వైరులో చిన్న రెసిస్టరు ఉంటుంది. పొరపాటున కరెంటు తగిలినా ఒంట్లోంచి జోరుగా పారకుండా ఆపేది అదే. వట్టి తీగ కట్టుకుంటే కరెంటుకి మీరే దారి వేసిచ్చినట్టు," అంది.

అప్పుడు షాపులో బడి గుమాస్తా ఉన్నాడు. ఆయనగారు అతని వైపు తిరిగి, "చూశారా, గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట!" అన్నాడు. గుమాస్తా పళ్ళికిలించాడు. ఆమె ముఖం మాడిపోయింది. ఇక ఈ మనిషికి ఒక్క ముక్క చెబితే నా చెప్పుతో నేనే కొట్టుకుంటాను అనుకుంది.

ఇవాళ ఆ గుమాస్తానే బడి కంప్యూటరు తెచ్చాడు. పవర్ సప్లైలో ఫ్యాను తిరగడం లేదు. ఆ డబ్బా జోలికి పోతే ముందు ప్లగ్గు పీకాలి, పట్టీ విప్పాలి. అసలు మూతే తీయకుండా కొత్త డబ్బా వేయడం మేలు. ఆయనగారు మాత్రం మూత ఊడదీసి, ప్లగ్గు పెట్టి, "ఫ్యాను సంగతేంటో కళ్ళారా చూద్దాం," అంటూ పట్టీ చేత్తోనే స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

పక్క బల్ల దగ్గరున్న ఆమెకి గోడ మీద స్విచ్చు ఎర్రలైటు వెలుగుతూ కనబడింది. మాట నోటిదాకా వచ్చింది. గుమాస్తా పళ్ళు గుర్తొచ్చాయి. నాకెందుకొచ్చిన గొడవ, తగిలితేగానీ తెలిసిరాదు అనుకుని తల దించుకుంది.

తగిలింది. అరుపు కూడా రాలేదు, గొంతులో ఏదో అడ్డం పడ్డ చప్పుడు వచ్చింది. మనిషి బల్లకి అతుక్కుపోయి గిలగిలా కొట్టుకుంటున్నాడు. గుమాస్తా పట్టుకోబోయాడు.

"ముట్టుకోకండి!" అని అరిచి ఆమె స్విచ్చు మీద ఒక్కటిచ్చింది. ఆయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు.

ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి ఆడుతోంది. పంతానికి పోయి ఒక్క మాట మింగి మొగుణ్ణి చంపుకునేదాన్ని కదా అని ఏడుపు ముంచుకొచ్చింది. కమిలిన వేలుని చేతిలోకి తీసుకుని, "ఏమండీ," అంది.

ఆయన కళ్ళు తెరిచాడు. భార్యని చూడలేదు, గుమాస్తాని చూశాడు. పెదవులు తడుపుకుని, "చూశారా, పట్టీ ఉండబట్టి బతికాను," అన్నాడు.

ఆమె ఏడుపు ఠక్కున ఆగిపోయింది. బల్ల మీది కటింగ్ ప్లయరు తీసి రాగి తీగని పటుక్కున తెంపింది.

"ఆ పట్టీయే మిమ్మల్ని చంపబోయింది. లేవండి, ఆస్పత్రికి పోదాం."

గుమాస్తా ఈసారి నవ్వలేదు, ఆటో పిలుచుకొచ్చాడు. అందులో ఆయన నీరసంగా ఆమె భుజం మీద వాలి, "ఆ తీగ పారేయకు, ముడేసుకుంటే పనికొస్తుంది," అన్నాడు.

ఆమె మళ్ళీ మాట మింగలేదు. ఆస్పత్రి గుమ్మం దాకా ఏకబిగిన తిడుతూనే ఉంది, ఆయన చెయ్యి మాత్రం వదల్లేదు.