చూసుకుంటాను

సూది వేసే నర్సుగా తీరమంతా తిరిగిన మనిషి శాసనసభకు గెలిస్తే జనం మేడమ్ అని పిలుస్తారా? పిలవరు. ఆమెను సూదమ్మ అనే పిలిచారు. ఏటి మొగ నుంచి ఉప్పుమళ్ళ దాకా ఆమె గుచ్చని చెయ్యి లేదు. "నువ్వు గుచ్చావు, మేం గుద్దాం, చెల్లుకు చెల్లు" అని ఫలితాలొచ్చిన రోజు వలలు అల్లే మేస్త్రి ఒకడు అంటే, జనంతో పాటు ఆమె కూడా కళ్ళ నీళ్ళు తిరిగేలా నవ్వింది.

మళ్ళీ అంతగా నవ్వింది లేదు.

ఆమె ఆఫీసు బస్టాండు ఎదురుగా, ఎరువుల కొట్టు పైన రెండు గదులు. కింద బస్తాల ఘాటు మెట్లెక్కి పైకి వస్తుంది. దాని వెంటే జనం వస్తారు. కాలవ మీద వంతెన కావాలని ఒకరు, ఆగిపోయిన పింఛను అని ఒకరు, అల్లుణ్ణి దగ్గరి ఊరికి బదిలీ చేయించమని ఇంకొకరు. ముందుగదిలో గుమాస్తా కూర్చుంటాడు. ఇంతకుముందు ఇద్దరు సభ్యుల దగ్గర పనిచేశాడు. వాళ్ళు ఓడిపోయినా తాను ఓడిపోకుండా అదే కుర్చీలో మిగిలినవాడు. మొదటి వారంలోనే ఆయన ఆమెకు పాఠం చెప్పాడు.

"అమ్మా, మన పనికి మూడు మాటలు చాలు. చూద్దాం, చూస్తాను, చూడమంటాను. చూద్దాం అంటే అందరం కలిసి చూస్తాం, అంటే ఎవరూ చూడక్కర్లేదు. చూస్తాను అంటే కళ్ళు నావి, చేతులు నావి కావు. చూడమంటాను అంటే కళ్ళు కూడా నావి కావు."

"మరి చూసుకుంటాను అంటే?"

"అది ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళతో అనుకునే మాట. మధ్యలో ఆ 'కుం' ఉంది చూశారూ, అక్కడే కుంగిపోతాం. అది మాత్రం నోట్లోంచి రానివ్వకండి."

ఆ రోజు ఆమెకు ఆయన మీద ఒళ్ళు మండింది. ఏడాది తిరిగేసరికి ఆ మూడు మాటలూ ఆమె నాలుక మీద పీట వేసుకుని కూర్చున్నాయి. మోసం చెయ్యాలని కాదు. వంతెన తన చేతిలో లేదు, పింఛను తన చేతిలో లేదు. లేదని మొహం మీద చెబితే వచ్చినవాళ్ళు మెట్లు దిగలేరు. చూస్తాను అంటే కనీసం మెట్లు దిగుతారు.

ఇక మొగ దగ్గరి పల్లె సంగతి. ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసుక దిబ్బ మీద ఉంటుంది. తీరం వెంట ఎగువన పెద్ద పడవల కోసం రేవు కట్టి, సముద్రంలోకి రాతిగట్టు వేసినప్పటి నుంచి ఇటు ఇసుక రావడం ఆగిపోయింది. ఇసుక రాని తీరాన్ని సముద్రం కొరుకుతుంది. ఏటా వానాకాలంలో ఒక వరుస ఇళ్ళు పోతున్నాయి. ఉప్పుమళ్ళ వెనక మెరక మీద స్థలాలిస్తాం, లేచి రండి అని ప్రభుత్వం ఎప్పటి నుంచో అంటోంది. అక్కడి నుంచి పడవలు కనబడవు, మేం రాం అని ఊరు అంటోంది. చివరికి మంచినీళ్ళ బావి ఉప్పగా మారాక ఊరి పట్టు సడలింది. ఆ చుట్టుపక్కల ఇవ్వడానికి మిగిలిన స్థలాలు మెరక మీదివే. వానలకు ముందే వెళ్ళిపోతాం అన్నారు. కప్పుల మీది రేకులు విప్పడం మొదలుపెట్టారు.

ఆ ఊళ్ళో ఎండుచేపలు ఆరబెట్టే ఒక ముసలావిడ ఉంది. కూర్చున్న చోటి నుంచి ఎవరూ లేపలేరని లంగరత్త అని పేరు పెట్టారు. ఆవిడ కదిలితే ఊరు కదిలినట్టే. ఆవిడ కూడా సరేనందని తెలిసి, దగ్గరుండి సాగనంపుదామని సూదమ్మ వెళ్ళింది. అదే తప్పయిపోయింది.

లంగరత్త ఇంట్లో సామానంతా మూటలు కట్టి ఉంది. ఆవిడ మాత్రం నడిమి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. సూదమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ స్తంభం మీద పెట్టింది. బయట అల విరిగినప్పుడల్లా కర్ర లోపల సన్నగా వణుకుతోంది. జ్వరంతో ఎగిరిపడే పసిబిడ్డ గుండె మీద చెయ్యి వేసినట్టుంది.

"నర్సువి కదా కోడలా, దీనికేమైందో చెప్పు" అంది లంగరత్త. "ఇక్కడ కూచునే మొగుడి కోసం చూశాను. వచ్చాడు. ఇక్కడ కూచునే కొడుకు కోసం చూశాను. వాడు రాలేదు. ఆ మెరక మీద కూచుని నేనెవరి కోసం చూడాలి?"

సూదమ్మకు సభ్యురాలి మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఎన్నో గుడిసెల్లో ఎందరో తల్లుల భుజం తట్టి, ఇన్నేళ్ళూ అన్న మాటే చేత్తో పాటు వచ్చేసింది.

"భయపడకు అత్తా. నేను చూసుకుంటాను."

తిరిగి వచ్చేటప్పుడు, జీపు ఉప్పుమళ్ళు దాటాక, ఎవరింట్లోనో ఏదో వస్తువు మరిచిపోయి వచ్చినట్టు అనిపించింది ఆమెకు. ఏమిటో తెలిసింది కూడా. వెనక్కి తిప్పమని డ్రైవరుతో అనబోయి, అవతల రోడ్డు పనుల మీటింగు ఉందని ఊరుకుంది. ముసలామెను ఓదార్చడానికి అన్న మాట, దాన్నెవరు పట్టుకుంటారులే అనుకుంది.

పట్టుకున్నారు. ఆ సంగతి ముందు ఆమె భర్తకు తెలిసింది. ఆయన పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. షెడ్డుకు ఇంజను తెచ్చిన మొగ వాళ్ళు, రేకులు మళ్ళీ ఎక్కించామనీ, సూదమ్మ మాటిచ్చింది గనక ఊరికి అడ్డంగా రాతిగట్టు వస్తోందనీ చెప్పి వెళ్ళారట. చేతుల గ్రీజు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూ ఆయన భార్యను అడిగాడు.

"చూసుకుంటానని అన్నావా?"

"అన్నానండీ. నోరు జారింది."

"కాపురానికొచ్చి ఇన్నేళ్ళయింది, నాతో ఒక్కసారైనా అన్నావుటే ఆ మాట?" అని నవ్వబోయాడు. ఆమె మొహం చూసి గుడ్డ పక్కన పెట్టేశాడు. "వెళ్ళి కాదని చెప్పు. ఇంజనులో ఇసుక పడితే ఆ పూటే కడగాలి. రేపంటే పట్టేస్తుంది."

ఆమె ఆ పూట వెళ్ళలేదు. అన్న మాట వెనక్కి తీసుకునే ముందు దాన్ని నిజం చేసే దారి ఉందేమో చూడాలనుకుంది. అదీ ఆమె స్వభావమే. మందు లేదని చెప్పే ముందు బీరువాలన్నీ వెతికే మనిషి. మొగ పల్లెకు రాతిగట్టు గురించి సభలో ప్రశ్న వేసింది. విషయం పరిశీలనలో ఉంది అని జవాబొచ్చింది. సభ ముగిశాక మంత్రి గది బయట నిలబడి, నిలబడి, చివరికి లోపలికి వెళ్ళింది. మంత్రి చెడ్డవాడు కాదు. కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. అక్కడ గట్టు వేస్తే సముద్రం పక్క ఊరి మీద పడుతుందనీ, అక్కడా వేస్తే ఆ పక్క ఊరి మీద పడుతుందనీ, తీరం పొడవునా వేసే శక్తి ఏ ప్రభుత్వానికీ లేదనీ ఓపిగ్గా చెప్పాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆమె లేవబోతుంటే మాత్రం, ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక కాబోలు, "చూద్దాం తల్లీ" అన్నాడు.

తన అంగట్లో తాను అమ్మే సరుకే. దాని తూకం ఆమెకు తెలుసు. అయినా మెట్లు దిగుతుంటే ఆ మాట కాసేపు కాళ్ళకు బలమిచ్చింది. తన దగ్గరకొచ్చేవాళ్ళకు ఎలా ఉంటుందో అప్పుడు అర్థమైంది.

మర్నాడే మొగకు వెళ్ళింది. పడవలు గట్టెక్కే వేళకు ఊరందరినీ ఎండుచేపల దిబ్బ దగ్గరికి రమ్మని కబురు పెట్టింది. దారి పొడవునా మాట కూడబలుక్కుంది. చుట్టూ తిప్పకుండా చెప్పింది. గట్టు రాదు. ఈ ఏడు రాదు, వచ్చే ఏడు రాదు. ఆ రోజు నేను తొందరపడి అన్నాను, తప్పు నాది. వానలు రాకముందే మెరకకు వెళ్ళిపోండి.

వలల మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"నిన్నెవరో బెదిరించారు."

ఎవరూ బెదిరించలేదు అంది. మేస్త్రి వినలేదు. అవతలి పక్షం వాళ్ళు గట్టు తమ ఖాతాలో వేసుకోవాలని చూస్తున్నారనీ, అందుకే ఈమె నోరు నొక్కారనీ పక్కవాళ్ళకు వివరించాడు. ఇంకొకడు, అదేం కాదు, గట్టు పడకముందే చాటితే రాళ్ళు తోలే గుత్త తనవాళ్ళకు తప్పిపోతుందని దాస్తోంది అన్నాడు. చూస్తుండగానే ఎవరికి నచ్చిన కారణం వాళ్ళకు దొరికింది. రాజకీయం వాళ్ళ మాటకు వెనక ఇంకో మాట ఉంటుందని ఆ తీరంలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఆమె గెలిచాక ఉన్నదున్నట్టు చెప్పింది ఆ రోజే. ఆ రోజే ఎవరూ నమ్మలేదు.

ఆమె లంగరత్త వైపు తిరిగింది.

"అత్తా, నువ్వైనా విను. చూస్తానని అన్నాను గానీ..."

"నువ్వు చూస్తానన్లేదు" అంది లంగరత్త, తప్పు చదివిన పిల్లను దిద్దినట్టు. "ఆ మాట మాకు అందరూ చెప్పారు. నీ ముందు చేసినాయన చెప్పాడు, ఆయన ముందాయనా చెప్పాడు. అదైతే నేను మూటలు విప్పేదాన్నా? చూసుకుంటానన్నావు. స్తంభం మీద చెయ్యి పెట్టి అన్నావు." ఆగి, మెత్తగా అంది. "నీ కష్టాలు నీకుంటాయిలే. తిని వెళ్ళు, చిక్కిపోయావు."

ఆమె ఇల్లిల్లూ తిరిగింది. ఒకప్పుడు సూదంటే పారిపోయే పిల్లల కోసం తిరిగినట్టే తిరిగింది. అందరూ చాప వేశారు, మంచినీళ్ళిచ్చారు, సరేనన్నారు. ఒక్కరూ రేకు విప్పలేదు.

వానలు ఇంకా మొదలవకుండానే తీరంలోనే ఎగువనున్న ఇంకో పల్లె సముద్రంలోకి కొట్టుకుపోయింది. అక్కడివాళ్ళు పిల్లాజెల్లాతో రోడ్డు పక్కన టార్పాలిన్లు కప్పుకుని పడుకున్నారు. కలెక్టరు ఆఫీసులో మీటింగు పెట్టారు. మెరక మీద స్థలాలు ఊరికే పడి ఉన్నాయి, మొగ వాళ్ళు రామంటున్నారు, వీళ్ళకిచ్చేద్దామా అని అధికారి ఆమెను అడిగాడు. ఎగువ పల్లె వాళ్ళూ ఆమె సూది వేసినవాళ్ళే, ఆమెకు ఓటు వేసినవాళ్ళే. కిటికీలోంచి చూస్తే వాళ్ళ మనుషులు ఆవరణలో, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. కొన్ని వారాలు ఆగమంటే వీళ్ళు వానలో తడుస్తారు. ఇచ్చెయ్యమంటే మొగ వాళ్ళకు వెళ్ళడానికి చోటుండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గానీ, ఆ నుయ్యి తవ్వింది కూడా తనే.

"ఇవ్వండి" అంది.

గుమాస్తా ఆ రోజు పాఠాలేవీ చెప్పలేదు. ఫ్యాను ఆమె వైపు తిప్పి ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

సముద్రం పట్టపగలే వచ్చింది. పెనుగాలి కూడా లేదు. పోటు మీద ఉంది, వెనక ఏరు వరద మీద ఉంది, రెండూ మొగ దగ్గర ఎదురుపడ్డాయి. కబురు తెలియగానే ఆమె, ఆమె భర్త పడవవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళారు. మనుషులందరినీ దాటించారు. ఒక్క ప్రాణం పోలేదు. ఆ ఒక్క మాట తరవాత పేపర్లో వచ్చింది, సభ్యురాలి చొరవ అని. రేకులు పోయాయి, వలలు పోయాయి, ఒడ్డున కట్టిన పడవలు ఒకదాన్నొకటి గుద్దుకుని చెక్కలైపోయాయి. లంగరత్తను ఆమె భర్త వీపు మీద మోసుకొచ్చాడు. ఆవిడ ఇల్లు మాత్రం కాసేపు నిలబడింది. నడిమి స్తంభం చుట్టూ నీళ్ళు సుడి తిరిగాయి. తరవాత అది ఎవరో పిలిస్తే లేచినట్టు ఇసుకలోంచి లేచి, పక్కకు ఒరిగి, వెళ్ళిపోయింది.

ఊరినంతా బళ్ళోకి చేర్చారు. బెంచీలు గోడకు జరిపి, తడిసిన మనుషులు నేల మీద కూర్చున్నారు. నల్లబల్ల మీద ఎవరో వేసిన లెక్క సగంలో ఆగి ఉంది. ఇప్పుడు మెరకకు వెళ్దామని మేస్త్రి అన్నాడు. అక్కడ చోటు లేదని ఆమే చెప్పింది. ఎందుకు లేదో కూడా చెప్పింది. ఎవరైనా తిడతారని, మీద పడి కొడతారని నిలబడే ఉంది. మేస్త్రి తల వంచుకున్నాడు. ఈసారి అందరూ నమ్మారు.

చంటిపిల్లను ఒళ్ళో వేసుకున్న ఒక కోడలు పిల్ల అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. రేపెక్కడ పడుకుంటాం, ఎల్లుండి ఎక్కడ పడుకుంటాం అని అదే ఏడుపు. బడి తెరిస్తే ఇక్కడి నుంచి కూడా పొమ్మంటారు. సూదమ్మ ముందుకు వంగింది. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. అలవాటైన చెయ్యి, అలవాటైన మాట, రెండూ వచ్చేవే. చెయ్యి గాలిలో ఆగిపోయింది. నోరు తెరిస్తే ఏ మాట వస్తుందో ఆమెకు తెలియలేదు.

గోడకు ఆనుకుని కూర్చున్న లంగరత్త ఆ చేతిని చూసింది. ఆగిపోవడం కూడా చూసింది. ఎత్తిపొడుపు లేదు ఆవిడ గొంతులో. మామూలుగా, ఆ పిల్లను ఊరుకోబెట్టడానికే అంది.

"ఏడవకే. సూదమ్మ చూస్తోంది."

ఆమె చూస్తూనే ఉంది.