రెండు విమానాల ప్రశ్న

శంషాబాద్ శివారులోని సర్కారు బడిలో ఉపేందర్ భౌతికశాస్త్రం చెప్తాడు. విమానాలు దిగే దారి సరిగ్గా ఆ బడి మీదుగానే. మోత వచ్చినప్పుడల్లా పాఠం ఆగుతుంది. ఒకరోజు అలా ఆగినప్పుడే పదో తరగతి నిర్మల లేచి నిలబడింది.

"సార్, ఒక విమానం మన దిక్కు వస్తున్నది, ఇంకోటి మన నుంచి దూరం పోతున్నది అనుకోండ్రి. రెండూ మనకు ఒక్కతీరు దూరంల ఉన్నప్పుడు ఒక్కసారే లైట్లు ఏసినయ్. ఏ వెలుగు ముందుగాల మన కండ్లల్ల పడ్తది? వచ్చే విమానం దాని వెలుగును జర ముందుకు నూకదా?"

"సిలబస్‌ల లేనియి మనకెందుకమ్మా, కూసో" అన్నాడు ఉపేందర్.

కానీ ఆ ప్రశ్న అతన్ని వదల్లేదు. పుస్తకాలు తిరగేసి జవాబు పట్టుకున్నాడు. నెల తర్వాత ఉపాధ్యాయుల సైన్సు పోటీకి వెళ్లి, దాన్నే అట్టల మీద బొమ్మలు గీసి చూపించాడు. ఈ ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే, "వరండాలో నిలబడి విమానాలు చూస్తుంటే తట్టింది" అన్నాడు. మొదటి బహుమతి వచ్చింది. శాలువా కప్పారు. పేపర్లో ఫోటోతో పాటు ఆ మాట కూడా పడింది. ప్రధానోపాధ్యాయురాలు స్వరాజ్యం దాన్ని కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించింది.

నిర్మల అక్కడే నిలబడి చివరిదాకా చదివింది. ఎదురొచ్చిన ఉపేందర్‌తో "ఫోటో మంచిగొచ్చింది సార్" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి అతనికి అన్నం సయించలేదు. తరగతిలో ఆ పిల్ల కూర్చునే వైపు చూడలేకపోయాడు.

వారం తిరక్కుండానే స్వరాజ్యం గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"అయిపోయినదానికి ఇప్పుడేం లొల్లి? బడికి పేరొచ్చింది గదా, ఊకో" అందావిడ.

అతను ఊరుకోలేదు. పోటీ పెట్టినవాళ్లకు ఉత్తరం రాసి, శాలువా తిప్పి పంపాడు. తరగతిలో అందరి ముందూ నిలబడ్డాడు. "ఆ ప్రశ్న నిర్మలది. నేను దొంగతనం చేసిన. తప్పయింది బిడ్డా."

నిర్మల తల దించుకుంది. "అది సరే గని సార్, జవాబేంది? గాడ పోటీల అందరికీ చెప్పిన్రు, నాకు చెప్పలే."

ఉపేందర్‌కు చెంప ఛెళ్లుమన్నట్టయింది. "రెండూ ఒక్కసారే వస్తయి. విమానం ఎంత జోరుగ పోయినా వెలుగు వేగం మారదు."

"ఎందుకట్ల?"

తెలిసినంత చెప్పాడు. తెలియనిచోట తెలియదన్నాడు.

ఆ తర్వాత కూడా ఆమె ప్రశ్నలు మానలేదు. కాకపోతే నోటితో అడగదు. కాగితం మీద రాసి, కింద పేరూ తేదీ వేసి, ఇద్దరు తోటి పిల్లలకు చూపించాకే అతని బల్ల మీద పెడుతుంది. ఆ పేరూ తేదీ చూసిన ప్రతిసారీ ఉపేందర్ కాసేపు తలెత్తలేడు.