మిగతా సిబ్బంది

పంపు మీద అరచెయ్యి ఆనించి, చెవి దానికి దగ్గరగా పెట్టి, పంపాయన కళ్ళు మూసుకున్నాడు. లోపల నీళ్ళు నున్నగా తిరుగుతున్నాయి. ఎక్కడా గరుకు లేదు. ఇరుసు దగ్గర సన్నగా చుక్కలు రాలుతున్నాయి. పెదాలు కదుపుతూ వాటిని లెక్కపెట్టాడు. నిమిషానికి పది. బాగుంది. అసలు రాలకపోతే లోపల ఎండి కాలిపోతుంది, ధారగా కారితే ఒత్తిడి నిలవదు. ఒత్తిడి మీటరు ముల్లును ఆరు కిలోల దాకా ఎక్కించి, మళ్ళీ సున్నాకు దించి, ఇంజను ఆపాడు. జేబులోంచి గుడ్డ తీసి ఇత్తడి వాల్వులు నాలుగూ తుడిచాడు. ముప్పై మూడేళ్ళుగా పొద్దున్నే ఇదే వరస. ఆ బండి నడిపేదీ ఆయనే, మంట దగ్గర దాని పక్కన నిలబడి నీళ్ళు పంపేదీ ఆయనే.

యాభై ఏడేళ్ళ మనిషి. పొట్టి, గట్టి శరీరం. మెడ ఉందో లేదో తెలియనట్టు తల నేరుగా భుజాల మీద కూర్చుంటుంది. కుడి చెవి తమ్మె మీద ఎప్పుడూ ఒక నల్లటి గ్రీజు మరక. భార్య ఎంత సబ్బు పెట్టి రుద్దినా అది వదల్లేదు, ఆవిడా రుద్దడం మానలేదు.

అగ్నిమాపక కేంద్రం ముంగిట్లో ఆ వేళ నిచ్చెనాయన గొట్టాలు చుడుతున్నాడు. చుట్టేది తడి గొట్టమైనా, చూసేవాడికి బొమ్మకు నిలబడినట్టే ఉంటుంది ఆ మనిషి వాటం. ఆరడుగుల పొడుగు, వెన్నులో వంకర లేదు, జుట్టు నెరిసి మరింత అందం తెచ్చింది. పంపాయన జుట్టు నెరవడానికి ముందే ఊడిపోయింది. ఇద్దరూ తోడల్లుళ్ళు. పెద్దమ్మాయిని నిచ్చెనాయన చేసుకున్న రెండేళ్ళకు చిన్నమ్మాయిని పంపాయన చేసుకున్నాడు. ఈ కొలువులో పంపాయనను చేర్పించింది కూడా ఆయనే. ఆ మేలు పంపాయన ఏనాడూ మర్చిపోలేదు. మర్చిపోలేకపోవడమే ఆయన బాధ.

"తమ్ముడూ, మీ వదిన ఇవాళ క్యారేజీలో నీక్కూడా పెట్టింది. కలిసి తిందాం," అని కేకేశాడు నిచ్చెనాయన.

"మా ఇంట్లోనూ పెట్టారులే అన్నయ్యా," అన్నాడు పంపాయన గుడ్డ దులుపుతూ. నిచ్చెనాయన చెడ్డవాడైతే ఎంత హాయిగా ఉండేదో అని ఎన్నోసార్లు అనుకున్నాడు.

మామగారింటి ముందుగదిలో ఒక ఫొటో ఉంది. ఇరవై ఆరేళ్ళ కింద ఒక లాడ్జి తగలబడినప్పుడు పత్రికలో వచ్చిందాన్ని పెద్దది చేయించి అద్దం కట్టించారు. మూడో అంతస్తు కిటికీలోంచి ఇద్దరు పిల్లల్ని చెరో భుజాన వేసుకుని నిచ్చెనాయన దిగుతున్నాడు. వెనక పొగ, కింద జనం. ఫొటోకు ఎడమ అంచున, కిందికి, ఒక మోచెయ్యి ఉంటుంది. అది పంపాయనది. ఆ ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ ఆయన ఆ మోచేతికి ఎదురుగా కూర్చుని కాఫీ తాగాడు. పక్కన భార్య ఎవరో ఒకరితో, "అదిగో, మా బావగారు," అంటూనే ఉంటుంది. ఆ మోచెయ్యి తన మొగుడిదని ఆమె ఏనాడూ చెప్పలేదు. అడిగితే, "మోచెయ్యి ఎవరిదైతే ఏంటండీ?" అంది.

పది గంటలకు పెద్ద గుమస్తా గదిలోకి పిలుపు వచ్చింది. కేంద్రానికి నూరేళ్ళు నిండుతున్నాయని గుమస్తా చరిత్ర పుస్తకం రాస్తున్నాడు. నెల రోజులుగా పంపాయన ఆయనకు చెబుతూనే ఉన్నాడు. మొదట్లో అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది నిలబడి కొయ్య చేతులు పట్టుకుని కొట్టే చేతి పంపు ఉండేదని; తర్వాత గుర్రాలు లాగే ఆవిరి పంపు వచ్చిందని, మంట దగ్గరికి చేరేలోగా నీళ్ళు మరగాలని దారిలోనే బొగ్గు వేస్తూ పోయేవారని; తోలు బక్కెట్లు, రాగి మేకులు కొట్టిన తోలు గొట్టాలు, వాటికి పట్టించే కొవ్వు, ఆ వాసనకు వచ్చే ఎలుకలు... అన్నీ తన ముందు తరం వాళ్ళు చెప్పగా విన్నవి, వరండాలో పడి ఉన్న పాత సామాను విప్పి చూసి తెలుసుకున్నవి.

"మీరు చెప్పింది ఆరు పేజీలొచ్చిందండీ," అన్నాడు గుమస్తా కళ్ళద్దాలు సర్దుకుని. "పంపుల గురించి ఇంత సంగతి ఉందని నాకే తెలీదు."

పంపాయన కుర్చీ అంచున కూర్చున్నాడు. "ఆ లాడ్జి మంట కూడా రాశారా?"

"అది లేకుండానా! వినండి." గుమస్తా కాగితం దూరంగా పట్టుకుని చదివాడు. ప్రాణాలకు తెగించడం వచ్చింది, ఉక్కు గుండె వచ్చింది, తల్లి కన్నీళ్ళు వచ్చాయి. చివర్లో, "నీటి సరఫరాలో మిగతా సిబ్బంది తోడ్పడ్డారు," అని వచ్చింది.

"మిగతా సిబ్బంది అంటే?"

"అంటే... మిగతావాళ్ళండీ."

"ఆ రోజు పంపు దగ్గర ఉన్నది ఒక్కడు," అన్నాడు పంపాయన. గొంతు పెరిగింది. "వీధి కొళాయి ఎండిపోయింది. పక్కన మురిక్కాలవలో గొట్టం వేశాను. గొట్టం మూతి జల్లెడకు గుడ్డపీలికలు అడ్డం పడుతుంటే ఛాతీ లోతు మురికిలో దిగి చేత్తో లాగుతూ, పైకెక్కి మీటరు చూస్తూ, మళ్ళీ దిగుతూ... నలభై నిమిషాలు. నీళ్ళు ఒక్క నిమిషం ఆగితే ఆ నిచ్చెన మీద మనిషి మిగిలేవాడా?"

గుమస్తా జాలిగా చూశాడు. "నిజమేనండీ. కానీ దానికి ఫొటో లేదు కదా."

పంపాయన లేచి వచ్చేశాడు. మెట్ల దగ్గర నిచ్చెనాయన కూర్చుని రెండు చేతులతో కుడి మోకాలు ఒత్తుకుంటున్నాడు. ఈయన్ని చూడగానే చేతులు తీసేశాడు. పంపాయనా చూడనట్టే పక్కకు తిరిగాడు. ఆ మోకాలి సంగతి ఆయనకు తెలుసు. పన్నెండేళ్ళుగా తెలుసు.

అప్పుడు నిచ్చెనాయన పంపు పనికి మార్చమని అర్జీ పెట్టుకున్నాడు. కీళ్ళు పట్టేస్తున్నాయి, పైన కాళ్ళు వణుకుతున్నాయి అని పై అధికారితో గుట్టుగా చెప్పుకున్నాడు. అధికారి పంపాయనను పిలిచి, పరీక్ష పెట్టి చెప్పమన్నాడు. ఇదీ తీసుకుంటాడా! అన్నదే ఆ రాత్రి పంపాయనకు నిద్ర పట్టనివ్వని మాట. ఫొటో ఆయనదే, మామగారి మురిపెం ఆయనదే, నా ఇంట్లో నా పెళ్ళాం నోట కూడా ఆయనే. మిగిలిందల్లా ఈ నాలుగు వాల్వులు. ఆయన వీటి దగ్గరకొచ్చి నిలబడితే జనం అంతా ఇటు తిరిగి, ఆహా పంపు అంటారు.

మర్నాడు పరీక్ష జరిగింది. పంపు తిరుగుతుండగా పంపాయన దొంగచాటుగా నీళ్ళు పీల్చే గొట్టం బిగింపు వదులు చేశాడు. గాలి చొరబడితే లోపల చప్పుడు మారుతుంది, గులకరాళ్ళు దొర్లినట్టు. కొత్తవాళ్ళకు ఆ తేడా ఏడాదికి గానీ పట్టుబడదు. నిచ్చెనాయన తల వంచి విని, "గాలి పీలుస్తోందేమో తమ్ముడూ?" అన్నాడు వెంటనే. పంపాయన వంగి బిగింపు సరిచేశాడు. సాయంత్రం అధికారి దగ్గరకెళ్ళి, "మంచి మనిషేనండీ. కానీ చెవి లేదు. ఈ పనికి చెవి ఉండాలి," అన్నాడు.

నిచ్చెనాయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నిచ్చెన ఎక్కుతూనే ఉన్నాడు. ఈ పన్నెండేళ్ళలో ఎక్కిన ప్రతిసారీ కింద జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వినపడగానే పంపాయనకు మోకాలి మీద జాలి పోయి, పాత మంటే పైకి లేచేది. నీళ్ళతో ఊరి మంటలు ఆర్పేవాడు, తన కడుపులోదాన్ని మాత్రం ముప్పై ఏళ్ళు ఆరకుండా కాచుకున్నాడు.

రెండు గంటలకు గంట మోగింది. క్యారేజీలు సగంలో ఉండగానే అందరూ లేచారు. నాలుగు వీధుల అవతల పరుపుల గోదాము. పైఅంతస్తులో దూది రాజుకుంది. లోపల ఎవరూ లేరు, అందరూ బయటికొచ్చేశారు. అయినా దూది మంట దొంగ మంట. పైకి ఆరినట్టు కనిపించి లోపల పాకుతుంది. ఎవరో ఒకరు కిటికీ దగ్గర నిలబడి, ఓపిగ్గా లోతుదాకా తడపాలి.

ఎదురుగా కడుతున్న భవనం కోసం తవ్విన నీళ్ళ తొట్టి ఉంది. పంపాయన అందులో గొట్టం దించి, పంపు తిప్పాడు. నిచ్చెన లేచింది. నిచ్చెనాయన మెట్లు ఎక్కుతుంటే ప్రతి మెట్టు మీదా కుడి పాదం ఒక్క క్షణం ఆగడం పంపాయన కింది నుంచి చూశాడు. జనం చూడలేదు. వాళ్ళు ఎత్తును చూస్తున్నారు.

"ఎంత వయసులో చూడు! సింహం!" అన్నాడెవరో పంపాయన పక్కనే, ఆయన కాలు తొక్కుతూ.

ముప్పావు గంట గడిచింది. కిటికీలోంచి నల్లపొగ తెల్లబడింది. కేంద్రం కుర్రాళ్ళు ఇద్దరు లోపలి మెట్ల గుండా వెళ్ళి గొట్టం అందుకున్నారు. నిచ్చెనాయన దిగాడు. చప్పట్లు మోగాయి. ఎవరో ఫోను పైకెత్తి ఫొటో తీశారు. ఆ ఫొటోలో ఈసారి తన మోచెయ్యైనా పడిందా అని పంపాయన చూపు అటే పోయింది. అలా చూస్తూ ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలియదు.

నిచ్చెనాయన వచ్చి బండి మెట్టు మీద, పంపు పక్కనే కూర్చున్నాడు. ముఖం బూడిద రంగులో ఉంది. మసి అనుకున్నాడు పంపాయన. నిచ్చెనాయన తల వెనక్కి ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుని, మెల్లగా అన్నాడు:

"తమ్ముడూ... గాలి పీలుస్తోంది చూడు."

పంపాయన ఉలిక్కిపడ్డాడు. నిజమే. గులకరాళ్ళ చప్పుడు. తొట్టిలో నీళ్ళు తగ్గి జల్లెడ పైకి తేలుతోంది. ముల్లు వణుకుతూ దిగుతోంది. పైన పొగలో ఇద్దరు మనుషులున్నారు. ఒక్క అంగలో తొట్టిలోకి దూకి, గొట్టాన్ని మూల పల్లంలోకి తోసి, పైకెగబాకి వచ్చి వాల్వు సర్దాడు. చప్పుడు నున్నబడింది. ముల్లు ఆరు దగ్గర నిలిచింది. ముప్పై మూడేళ్ళలో మొదటిసారి తన పంపు చప్పుడు తనకంటే ముందు ఇంకొకరికి వినపడింది.

ఏదో అనాలనిపించింది. "సరిగ్గానే విన్నావన్నయ్యా," అన్నాడు మీటరు వైపే చూస్తూ.

జవాబు రాలేదు. పంపాయన తల తిప్పాడు. నిచ్చెనాయన అలాగే ఆనుకుని ఉన్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, ఇంకా ఏదో వింటున్నట్టు.

"అన్నయ్యా?"

భుజం పట్టుకుంటే మనిషి పక్కకు ఒరిగాడు. పంపాయన ఎడమ చేత్తో ఆయన్ని తన ఛాతీకి ఆనించుకున్నాడు. కుడి చెయ్యి వాల్వు మీద నుంచి తియ్యలేదు. పైన మనుషులున్నారు. అలాగే నిలబడి అరిచాడు. జనం ఈసారి ఇటు తిరిగారు.

సాయంత్రం ఆసుపత్రి నుంచి కేంద్రానికి తిరిగొచ్చేసరికి గుమస్తా గుమ్మంలో ఎదురుచూస్తున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో కాగితాలున్నాయి. పుస్తకంలో నిచ్చెనాయన కోసం ఒక పేజీ పెడతానన్నాడు.

"చివరి క్షణంలో పక్కన ఉన్నది మీరే. మీ పేరూ వేస్తాను. చివరిగా ఏమన్నారండీ ఆయన?"

తన పేరు అనగానే పంపాయన లోపల ఏదో చిన్నది సంతోషంగా కదిలింది. అది కదలడం ఆయనకు స్పష్టంగా తెలిసింది. ఇంతసేపూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

"గాలి పీలుస్తోంది చూడు అన్నాడు," అన్నాడు. "రాయండి. ఆయనకు చెవి ఉంది. నాకంటే మంచి చెవి. పన్నెండేళ్ళ క్రితం కింద నిలబడి పనిచేస్తానని అడిగితే, లేదని చెప్పి మళ్ళీ పైకెక్కించింది నేను. కుళ్ళుతో చెప్పాను. అదీ రాయండి."

గుమస్తా కలానికి మూత పెట్టాడు.

"ఇంటికెళ్ళండి," అన్నాడు మెల్లగా. "మీ వదినగారి దగ్గర ఎవరైనా ఉండాలి."

"వెళ్ళాలి. ఆవిడకూ చెప్పాలి," అన్నాడు పంపాయన. ఫోను తీసి భార్యకు చేశాడు. అవతల ఆమె ఏడుస్తూ, "మా బావగారు... మా బావగారు..." అంటోంది. ముప్పై ఏళ్ళుగా ఒళ్ళు మండించిన మాటను ఆయన మొదటిసారి చివరిదాకా విన్నాడు. "అవునే. వస్తున్నాను. అక్కడే ఉండు, నేను వచ్చాక మాట్లాడాలి," అన్నాడు.

మంట నుంచి వచ్చిన బండిని తుడవకుండా వదిలి వెళ్ళే అలవాటు లేదు. షెడ్డులోకెళ్ళి, ట్యాంకు నింపి, తడి గొట్టాలు ఆరవేశాడు. గుడ్డ పట్టుకుని ఇంజను వైపుకు వచ్చి ఆగిపోయాడు. ఇంజను మూత మీద, వేడికి ఆరుతాయని నిచ్చెనాయన పెట్టుకున్న తోలు గ్లౌజులు రెండు ఉన్నాయి. నిలువునా ఎండి బిరుసెక్కాయి, నిచ్చెన మెట్టును పట్టుకున్నట్టు వేళ్ళు పదీ ఇంకా లోపలికి వంగే ఉన్నాయి.