పావు వంతు తిప్పడం

...కాబట్టి ఇది కూడా దుమ్మే. టెలిస్కోపుకు కన్ను ఆనించే గాజు గొట్టాలను, ఆ ఐపీస్‌లను, నికనోర్ ఎప్పుడూ చొక్కా అంచుతోనే తుడిచేవాడు, వద్దంటే వినేవాడు కాదు. అలాంటి మనిషి వదిలివెళ్లిన గాజులో మచ్చలుంటే వింతేముంది? బాల్దోమెరో టెలిస్కోపు నుంచి అతి చిన్న ఐపీస్‌ను ఊడదీసి, బొటనవేలంత లోహపు గొట్టాన్ని పడమటి వెలుగుకు ఎత్తి చూశాడు. గాజు శుభ్రంగా ఉంది. ఆ శుభ్రత అతనికి నచ్చలేదు.

బాల్దోమెరో పాత స్నేహితుడు నికనోర్ పోయిన చలికాలంలో చనిపోయాడు. అతని భార్య ఎదువీనా ఈ సాయంత్రం ఐపీస్‌ల పెట్టె తెచ్చి, నచ్చింది ఒకటి తీసుకోమంది. మిగిలినవి వికూన్యా ఊరి బడికి ఇచ్చేస్తుందట. ఇప్పుడు బల్ల దగ్గర కూర్చుని మేకపాల చీజ్ కోస్తోంది. కొండల మీద వెలుతురు ఇంకా పోలేదు. ద్రాక్షతోటల పైన సగం చంద్రుడు అప్పటికే తెల్లగా నిలబడ్డాడు.

అతను రెండో ఐపీస్ తొడిగి వంగాడు. చంద్రుడి తెల్లదనం మీద నల్లటి పోగులు, మసి చుక్కలు. చూపు పక్కకు కదిపితే అవీ కదిలాయి, కాని ఒక్క క్షణం ఆలస్యంగా, నీళ్లలో నానిన నాచులా. ఆ ఆలస్యాన్ని అతను గమనించాడు. గమనించిన మరుక్షణమే నికనోర్ చొక్కా గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు.

మొన్న కాలవలో పూడిక తీస్తుంటే కుడికంటి అంచున ఒక మెరుపు మెరిసింది. రోడ్డు మీద ఏదో బండి దీపం అనుకున్నాడు. మిట్టమధ్యాహ్నం ఎవరు దీపాలు వేస్తారని తనను తాను అడగలేదు. ఆ కంటికి శుక్లం తీసినప్పుడు లా సెరేనా పట్నపు డాక్టరు చెప్పింది: మెరుపులొచ్చినా, కొత్త మచ్చలు కనిపించినా అదే రోజు రావాలి, ఆలస్యమైతే కంటి వెనక పొర ఊడిపోతుంది, పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ వెలుగూ నీడా తప్ప ఎరగదు. అతనికి ఉన్నదల్లా ఈ ఒక్క కన్ను. మచ్చ గాజులో ఉన్నంతసేపూ ఆ కన్ను బాగున్నట్టే.

"ఎంతసేపు కొంపాద్రే? చెప్పుల కొట్లో మా అక్క కూడా ఇన్ని తొడిగి చూడదు," అంది ఎదువీనా. ఆమె పెద్దకొడుక్కి అతను జ్ఞానతండ్రి అయిన నాటి నుంచీ ఆ పిలుపే.

నికనోర్ గాజులన్నీ మచ్చలుపడేలా పాడుచేసి పోయాడన్నాడు అతను.

"పోయినోడు తిరిగి మాట్లాడడని ఆయన మీదకి తోస్తున్నావా?"

అతను పెట్టెలోకల్లా పెద్ద ఐపీస్ తీసి తొడిగాడు. చంద్రుడు చిన్నగా, తేటగా నిలిచాడు. పోగులు లేవు. చుక్కలు లేవు.

"ఇదే తీసుకుంటా," అన్నాడు.

చీజ్ కోస్తున్న చాకు ఆగింది. ఆ పెద్ద ఐపీస్‌ను టూరిస్టుల బొమ్మ అని జీవితమంతా వెక్కిరించినవాడు అతనే. దాని విషయంలో నికనోర్‌తో ఎన్నిసార్లు కొట్లాడాడో ఆమెకు తెలుసు.

"చిన్నవాటిలో మచ్చలు, పెద్దదాంట్లో లేవు," అందామె నెమ్మదిగా. "చుక్కలు చూడ్డానికి వచ్చినోళ్లెవరైనా ఇట్లా అంటే నువ్వేం చేయిస్తావు?"

ఆ లోయలో టెలిస్కోపు పట్టిన ప్రతివాడికీ తెలిసిన పనే. కన్ను తియ్యకుండా ఐపీస్‌ను పావు వంతు తిప్పాలి. దాంతోపాటు మచ్చ తిరిగితే మచ్చ గాజుది. తిరగకపోతే కంటిది, చిన్నవాటి సన్నటి వెలుగులోనే అది బయటపడుతుంది. శాంతియాగో నుంచి వచ్చిన ఒక పెద్దమనిషితో అలా తిప్పించి, "మురికి మాది కాదయ్యా, మీరు తెచ్చుకున్నదే," అని అందరినీ నవ్వించింది కూడా అతనే. ఆ పెద్దమనిషి నవ్వలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

"తిప్పావా?"

"గాలి ఆగనీ."

"గాలి ఎప్పుడో ఆగింది." ఆమె చాకు కింద పెట్టింది. "వచ్చిందగ్గర్నుంచి ఆ కన్ను నలుపుకుంటూనే ఉన్నావు. లా సెరేనా ఆస్పత్రి రాత్రంతా తెరిచే ఉంటుంది. నీ బండి నేను నడుపుతా."

"నువ్వు నడిపితే గేరుబాక్సు ఆస్పత్రిలో చేరుద్ది."

అతని పికప్ స్టీరింగ్ మరొకరి చేతికి వెళ్లడం ఎవరూ చూడలేదు. ఆమె నవ్వలేదు. అతను మళ్లీ వంగాడు, ఆ తేట చంద్రుణ్ణి ఇంకొక్కసారి చూస్తే ధైర్యంగా ఉంటుందని.

చంద్రుడి కింది అంచు లేదు. అక్కడ బూడిదరంగు నీడ ఒకటి, తడిబట్ట అంచులా వంపు తిరిగి ఉంది. ఐపీస్ సరిగా కూర్చోలేదేమో అని పైకే అన్నాడు. అన్నాక ఆ గొంతు పరాయివాడిదిలా వినిపించింది. ఇంతసేపూ తాను మంచి ఐపీస్‌ను వెతకలేదు. నేరం మోసే ఐపీస్‌ను వెతికాడు. తిప్పనంతవరకూ ఇద్దరు బాల్దోమెరోలున్నారు, కన్ను బాగున్నవాడూ, కన్ను పోతున్నవాడూ. తిప్పితే ఒక్కడే మిగులుతాడు. కాని తిప్పకపోయినా ఆ నీడ ఆగి ఎదురుచూడదు.

రెండు వేళ్లతో గొట్టాన్ని పట్టుకుని పావు వంతు తిప్పాడు. గొట్టం మీద చెక్కిన అంకెలు బొటనవేలి కింద గరుకుగా కదిలాయి. నీడ కదల్లేదు. మళ్లీ వెనక్కి తిప్పాడు. అయినా అక్కడే ఉంది.

నడుము నిటారు చేశాడు. అతను కోటు జేబులో చెయ్యి పెట్టి, పికప్ తాళంచెవులు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.