నిండని ప్యాలా

ఎండుద్రాక్షల్లో పుల్లలు ఏరుతూనే ఇస్తత్ వాకిలి వైపు ఓ కన్నేసి ఉంచింది. పిల్లలు చేతులు కడుక్కొచ్చేలోగా రొట్టె తుంచాలి, టీ దించాలి. బుఖారా యూదుల పేటలోని ఆ బుల్లి బడికి ఆమె ఆయా. పొట్టి మనిషి. పొయ్యి సెగకు కమిలిన చేతులు, మెట్టు మెట్టుకీ మొరాయించే మోకాళ్ళు. అక్షరాలు నేర్పడానికి పెద్ద టీచరు యాఫా ఉంది. మంగళవారం పూట అతిథి మర్యాద నేర్పడం మాత్రం ఇస్తత్ పని. అదీ ఒక పాఠమేనని ఇంకెవరికీ తోచలేదు మరి.

ఈ మంగళవారం ఆఖరిది. మధ్యాహ్నం రైల్లో తాష్కెంట్, అక్కణ్ణుంచి విమానంలో వేరే దేశానికి, రమ్లాలో ఉన్న చెల్లెలి ఇంటికి. పిల్లలకు చెప్పొద్దని యాఫా దగ్గర మాట తీసుకుంది. ఏడుగురూ ఒక్కసారి రాగం అందుకుంటే తన కాళ్ళు గడప దాటవని ఆమె భయం.

నేలమీద పరిచిన గుడ్డ చుట్టూ పిల్లలు చేరారు. ఇస్తత్ యూదుల మూలపురుషుడు అబ్రహాం తాత కథ ఎత్తుకుంది. ఆ ముసలాయన వీధి చివరింట్లోనే ఉంటున్నట్టు చెబుతుంది ఎప్పుడూ. నాలుగు వైపులా తెరిచిన ఆయన గుడారం, మండుటెండ, ఒంట్లో బాగా లేకపోయినా వచ్చేవాళ్ళకు ఎదురు పరుగెత్తడం.

"దొంగలొస్తేనో?" అన్నాడు ఇల్యావ్.

"మొన్న మా ఇంటికొచ్చి హల్వా అంతా ఖాళీ చేసిపోయావు. నిన్ను రానిచ్చానా, లేదా?" అంది ఇస్తత్. పిల్లలు పడీపడీ నవ్వారు.

తర్వాత ఆట. ఇవాళ అతిథి ఇస్తత్, ఇంటావిడ ఆరేళ్ళ ఫ్రెహో. ఆ పిల్లకు ప్రేమ ఎక్కువ, ఓపిక తక్కువ. ఎవరికి టీ పోసినా ప్యాలా గిన్నె అంచుదాకా పోస్తుంది. ఆ ఊరి మర్యాదలో నింపితే తాగి వెళ్ళమన్నట్టు, కొంచెం పోస్తే కూర్చోండి, మళ్ళీ పోస్తామన్నట్టు. ఏడాదిగా చెబుతున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. వెళ్ళేలోగా ఈ ఒక్క పిల్లకు అది అబ్బితే చాలని ఇస్తత్ ఆశ.

ఫ్రెహో కూజా వంచింది. గుక్కెడే పోసింది. ఇస్తత్ నమ్మలేక గబుక్కున తాగేసింది. మళ్ళీ గుక్కెడు. మూడోసారీ అంతే. నాలుగోసారి ఇంకా తక్కువ.

"ఎంతసేపు పోస్తావే తల్లీ?"

"నువ్వెళ్ళిపోతున్నావంట. మా అమ్మ చెప్పింది." ఫ్రెహో కూజా మీంచి చూపు ఎత్తలేదు. "నేను నింపను పిన్నీ. నింపకపోతే వెళ్ళకూడదు కదా."

ఇల్యావ్ నమలడం ఆపేశాడు.

ఇస్తత్ ప్యాలాలోకి చూసింది. ఇరవై ఆరేళ్ళ కిందట, మొగుడు పోయి షహ్రిసబ్జ్ నుంచి వచ్చినప్పుడు, వారం రోజులు గిన్నెలు తోమడానికని పెట్టుకున్నారు ఆమెను. ఆ వారం ఇంకా అవలేదు. ఇన్నేళ్ళలో ఈ బడిలో పెద్దవాళ్ళెవరూ ఆమెకు ప్యాలా నింపి వెళ్ళమనలేదు. ఆతిథ్యం నేర్పుతున్నాననుకుంది గానీ, తాను అందుకుంటున్నదీ అదేనని ఇవాళే తెలిసింది. ఎంత పెట్టారమ్మా నాకు, అనుకుంది. కడుపు నిండిపోయింది.

చాలనుకున్న అతిథి ప్యాలా మీద అరచెయ్యి మూయాలి. ఇస్తత్ చెయ్యెత్తింది, మూయలేకపోయింది.

బయట స్టేషన్‌కు వెళ్ళే కారు హారన్ మోగింది. ఆమె ఫ్రెహోను దగ్గరకు లాక్కుని నెత్తిన ముద్దు పెట్టుకుంది.

"నీకు వచ్చేసిందే. ఇంక నాకు బెంగ లేదు. వెళ్ళక తప్పని అతిథిని సాగనంపాలి కూడా. అబ్రహాం తాత దారి దాకా వెళ్ళాడు."

నాలుగడుగులు వస్తే చాలంది. ఏడుగురూ సందు చివరి దాకా వచ్చారు, ఫ్రెహో ఆమె సంచి కాడ పట్టుకుని. యాఫా తప్ప ఎవరూ ఏడవలేదు. కారు మలుపు తిరిగాక కూడా పిల్లలు అక్కడే నిలబడ్డారు.

లోపల, రొట్టె తునకల మధ్య, ఇస్తత్ ప్యాలాలో సగం గుక్క టీ అలాగే ఉంది.