మంచమెక్కిన నర్సమ్మ

నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్న ఆ పిల్లను హాస్టల్లో అందరూ బిస్కెట్టు అనేవారు. పొద్దున టీలో రెండు బిస్కెట్లు, మధ్యాహ్నం వార్డు మెట్ల మీద నిలబడి రెండు, సాయంత్రం పుస్తకం ముందు ఎన్నో ఆమెకే తెలియదు. పరీక్షలు దగ్గరపడితే ఆ కాస్తా గొంతు దిగేది కాదు. రోగులకు మాత్రం "వేళకు తినాలండీ" అని చిలక్కి చెప్పినట్టు చెప్పేది.

ఆమె గదిలో ఉండే స్నేహితురాలి పేరు రేడియో. నిద్రలో తప్ప నోరు మూయదని ఆ పేరు పెట్టారు. అలాంటి రేడియో రెండు నెలలుగా సాయంత్రమైతే బయటికి వెళ్ళి, తిరిగొచ్చి, ముసుగు తన్ని పడుకుంటోంది. బిస్కెట్టుకు అనుమానం లేకపోలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని అడగలేదు.

ప్రాక్టికల్ పరీక్ష నాలుగు రోజులుందనగా, ఒక ఉదయం బిస్కెట్టు పదకొండో మంచం దగ్గరికి బీపీ చూడ్డానికి వెళ్ళింది. ఆ మంచం మీదున్నది రిటైరైన బస్సు డ్రైవరు. నెమ్ము తగ్గి, రేపో మాపో ఇంటికి వెళ్ళబోతున్నాడు. ఆయన చేతికి పట్టీ చుట్టబోతుంటే ఆమె కళ్ళు బైర్లు కమ్మాయి.

"అమ్మా, నీ మొహమేంటి అలా పాలిపోయింది? ముందు కూర్చో," అన్నాడాయన.

"నాకేం కాలేదు తాతగారూ," అంటూనే ఒరిగిపోయింది.

ఇన్‌స్ట్రక్టర్ మేడమ్ పరుగున వచ్చేసరికి నర్సమ్మ మంచం మీదుంది. రోగి పక్కన నిలబడి బీపీ పట్టీ ఆమె చేతికి తలకిందులుగా చుడుతున్నాడు.

"ఇందులో గాలెటు కొట్టాలమ్మా? టైరుకైతే నాకు తెలుసు," అన్నాడు.

వార్డంతా గొల్లున నవ్వింది. కళ్ళు తెరిచిన బిస్కెట్టుకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

"పొద్దున్నుంచి ఏం తిన్నావ్?" అడిగింది మేడమ్.

"టీ, బిస్కెట్లు మేడమ్."

"నిన్న?"

బిస్కెట్టు జవాబిచ్చేలోపే నీళ్ళ గ్లాసుతో వచ్చిన రేడియో అడ్డం పడింది. "నిన్న కడుపునిండా తింది మేడమ్, నేనే చూశా!"

డ్రైవరు రేడియో వైపు తిరిగి, పక్కవాళ్ళకు వినపడకుండా గొంతు తగ్గించాడు. "ఆమె సంగతి సరే. నీ నోట్లో లవంగం ఉంది కదమ్మా, దాని చాటున ఇంకో వాసనొస్తోంది. బండి తీసే ముందు మా కండక్టర్లని ఇలాగే పట్టుకునేవాణ్ణి."

రేడియో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ మాట చెవినపడ్డ మేడమ్ ఇద్దరినీ చూసి, "ఇవాళ మీరిద్దరూ ఏ పేషెంటునీ ముట్టుకోవద్దు. నా గదికి రండి," అంది.

చదువు అంతటితో సరి అనుకుంటూ వెళ్ళారిద్దరూ. మేడమ్ తలుపేసి తన క్యారేజీ విప్పింది. అన్నం, పప్పు, గుడ్డు కూర. రెండు పళ్ళేల్లో వడ్డించి, "ముందు తినండి. తిట్లు తర్వాత," అంది.

నాలుగో ముద్ద దగ్గర రేడియో వెక్కి వెక్కి ఏడ్చింది. రెండు నెలల కిందట, తను చెయ్యి పట్టుకుని ఉండగానే వార్డులో ఒకాయన పోయాడట. అచ్చం వాళ్ళ నాన్న వయసు. కళ్ళు మూస్తే ఆయన మొహమే. "కాస్త తాగితే నిద్రపడుతోంది మేడమ్. ఇప్పుడు ఆ కాస్త చాలట్లేదు."

"నాతో ఎందుకు చెప్పలేదే?" అంది బిస్కెట్టు.

"నువ్వే గాలికి పడిపోయేలా ఉన్నావు. నీ మీద ఇంకో బరువేంటని..."

ఏడుస్తున్నదల్లా ఫక్కున నవ్వింది. బిస్కెట్టుకూ నవ్వాగలేదు. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళే.

మేడమ్ తిట్లు మర్చిపోలేదు, బాగానే తిట్టింది. ఆ పైన రేడియోని తానే వెంటబెట్టుకుని ఆసుపత్రిలోని మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం అరగంట ఆ బ్యాచి పిల్లలంతా ఒక్కచోట కూర్చుని తినాలని నియమం పెట్టింది. ఆ అరగంటలో పాఠాల ఊసెత్తకూడదు, వార్డులో మనసుకు తగిలింది మాత్రం ఏదైనా చెప్పుకోవచ్చు. మొదటి రోజు ఎవరూ నోరు విప్పలేదు. వారం తిరిగేసరికి, చప్పుడు తగ్గించమని పక్క వార్డు నుంచి కబురొచ్చింది.

రేడియోకి తాగుడు మానడం నల్లేరు మీద నడకేం కాలేదు. నడుమ ఒకసారి మళ్ళీ తాగింది. మర్నాడు పొద్దున్నే తానే వెళ్ళి డాక్టరుతో చెప్పేసి వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ ముట్టలేదు. బిస్కెట్టు పరీక్ష మామూలు మార్కులతో గట్టెక్కింది. ఆ మామూలు మార్కులకే హాస్టలంతా చప్పట్లు కొట్టింది.

ఫలితాలొచ్చిన ఆదివారం పిల్లలంతా కలిసి వంట చేసి, మేడమ్‌ని భోజనానికి పిలిచారు. బిస్కెట్టు జన్మలో మొదటిసారి అన్నం వండింది. గరిటె తిప్పితే గోడకు సున్నం వేసేటంత జావగా తయారైంది. మేడమ్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచనలో పడింది.

"ఎవరు వండారే ఇది?"

పదిమంది వేళ్ళూ ఒకేసారి బిస్కెట్టు వైపు తిరిగాయి.

"బాగుంది. నమిలే పని పెట్టలేదు," అంది మేడమ్.

నవ్వి నవ్వి బిస్కెట్టుకు పొలమారింది. రేడియో ఆమె వీపు నిమురుతూ, పళ్ళెంలో ఇంకో గరిటెడు జావ వేసింది.