పచ్చలైటు

అడవుల్లో మంటలారి పదిహేను రోజులైంది. మా ఊరు టార్నీట్‌లో ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. పొగ మాత్రం మా ఇంట్లో కాపురం పెట్టింది. సోఫాలో, కర్టెన్లలో, కార్పెట్‌లో, చివరికి నా ఊపిరితిత్తుల్లో. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, నోరు తెరిస్తే దగ్గు.

కిటికీలు తెరుద్దామంటే మా ఆయన చలపతి ఒప్పుకోడు.

"ఎయిర్ ప్యూరిఫయర్ ఆన్‌లో ఉంది సత్యా. కిటికీ తీస్తే దాని ఎఫిషియెన్సీ పోద్ది. ఆ పచ్చలైటు చూడు, గాలి బాగున్నట్టే. దగ్గు నీ మనసులో ఉంది."

ఆయన ఇంజనీరు. ఆయన కొన్న మెషిన్ తప్పు చెప్పదు. తప్పు చెప్పేదల్లా పెళ్ళామే.

దగ్గి దగ్గి పక్కటెముకలు పట్టేశాక డాక్టర్ వీణ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఊపిరి బలం కొలిచే గొట్టంలో ఊదించి, అంకె చూసి పెదవి విరిచింది. ఇన్‌హేలర్ రాసిచ్చింది.

"బయట గాలి బాగుంది కదా ఆంటీ, విండోస్ అన్నీ తెరవండి. తడిగుడ్డతో తుడవండి. ప్యూరిఫయర్ ఫిల్టర్ చెక్ చేశారా?"

ఇంటికొచ్చి మెషిన్ వెనక మూత ఊడదీశాను. ఫిల్టర్ మల్లెపూవులా తెల్లగా ఉంది. ఉండదూ మరి? ఫ్యాక్టరీవాళ్ళు చుట్టిన ప్లాస్టిక్ కవరులోనే ఉంది. టీవీ రిమోట్‌కీ, డైనింగ్ కుర్చీలకీ కవర్లు తియ్యని మనిషి దీనికి మాత్రం ఎందుకు తీస్తాడు?

"మాసిపోద్దని ఉంచా," అన్నాడు.

"దాని బదులు నేను మాసిపోయానండీ," అన్నాను.

కిటికీలన్నీ బార్లా తెరిచాను. వారానికి దగ్గు తగ్గింది. మళ్ళీ చూపించుకోవడానికి వెళ్తూ ఆయన్ని కూడా లాక్కెళ్ళాను, డాక్టర్ చేత చీవాట్లు పెట్టిద్దామని.

నా అంకె చూసి వీణ నవ్వింది. గొట్టానికి కొత్త మూతి తగిలించి, "అంకుల్, మీరూ ఒకసారి," అంది.

"నాకేముందమ్మా," అంటూనే ఊదాడు. మళ్ళీ ఊదమంది. మూడోసారి కూడా. నేను మొదటిసారి వెళ్ళినప్పటి అంకె కంటే ఆయనది తక్కువ.

"ఎన్నాళ్ళ నుంచి దగ్గు, అంకుల్?"

ఆయన నావైపు చూడలేదు.

"పొగ వచ్చినప్పట్నించే. గరాజ్‌లోకెళ్ళి దగ్గి వస్తున్నా. నాకూ దగ్గుందంటే మెషిన్ పని చెయ్యట్లేదని ఒప్పుకోవాలి కదమ్మా."

వీణ ఎక్స్‌రేకి రాసిచ్చింది.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఏ వాదనలోనైనా నేను పూర్తిగా గెలవడం అదే మొదలు. దెప్పడానికి వారం నుంచీ మాటలు కూడబెట్టుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. పార్కింగ్‌లో కారు తాళం ఇమ్మన్నాను. నా డ్రైవింగ్ గురించి ఒక్క ముక్క అనకుండా ఇచ్చేశాడు. అప్పుడేసింది నాకు భయం.